సరిజోడు చేసే హక్కు ఉన్నా ఎడ్మంటన్ ఆ ఇద్దరినీ ఎందుకు వదులుకుంది?

మీ ప్రశ్న ఇది: 2024 ఆగస్టులో ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో సెయింట్ లూయిస్ బ్లూస్ జట్టు, ఎడ్మంటన్ ఆయిలర్స్‌కు చెందిన ఇద్దరు యువ ఆటగాళ్లకు ఒప్పందాలు రాసి ఇచ్చింది. అంతే మొత్తం తామూ ఇస్తామని ఎడ్మంటన్ చెబితే చాలు, ఇద్దరూ అక్కడే ఉండిపోయేవారు. అప్పుడే లీగ్ విజేతను తేల్చే స్టాన్లీ కప్ ఫైనల్ ఏడో మ్యాచ్ దాకా వెళ్లి వచ్చిన జట్టు ఎందుకు వెనక్కి తగ్గింది? డబ్బు లేకనా?

డబ్బు ఉంది, చోటు లేదు. ఆ చోటు ఎలా కరిగిపోయిందన్నదే అసలు కథ. చాలామంది ఈ విషయాన్ని ఆటగాడి ధర దగ్గర మొదలుపెట్టి ధర దగ్గరే ముగిస్తారు. పదిహేనేళ్లకు పైగా ఈ ఒప్పందాలను వరసగా గమనిస్తున్నవాడిగా నాకు అర్థమైంది వేరు. ఎవరి సంతకం ముందు పడింది, ఎవరిది వెనక పడింది అన్న క్రమమే జట్ల తలరాత తేలుస్తోంది.

ఐపీఎల్ వేలం చూసేవారికి దీని మూలసూత్రం తేలిగ్గా అందుతుంది. 2024 నవంబరులో జెడ్డాలో జరిగిన వేలంలో అర్ష్‌దీప్ సింగ్ కోసం సన్‌రైజర్స్ హైదరాబాద్ 15.75 కోట్ల రూపాయల దాకా పాడింది. పంజాబ్ తన పాత ఆటగాణ్ణి అదే ధరకు నిలుపుకునే ఆర్‌టీఎం కార్డు తీసింది. నిబంధన ప్రకారం హైదరాబాద్‌కు మరొక్కసారి పెంచే అవకాశం వచ్చింది. 18 కోట్లు అంది. పంజాబ్ దానికీ సరేనని ఆటగాణ్ణి నిలుపుకుంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆఫర్ షీట్ ఇలాంటిదే, కాకపోతే అందులో పాట పెంచడం ఉండదు. బయటి జట్టు ఏం రాసిందో అదే ఆఖరి మాట. పాత జట్టుకు ఏడు రోజుల గడువు. ఆ లోపు ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోవాలి, లేదా వదిలేసి పరిహారంగా డ్రాఫ్ట్ ఎంపికలు, అంటే కొత్త కుర్రాళ్లను రౌండ్ల వారీగా ఎంచుకునే హక్కులు, తీసుకోవాలి. ఒప్పుకుంటే ఆ ఆటగాణ్ణి ఏడాదిపాటు ఇంకెవరికీ ఇచ్చే వీలుండదు. అంటే, కోపంతోనో పంతంతోనో సరిజోడు చేసి తర్వాత అమ్ముకుందాం అనుకోవడం కుదరదు.

ఆఫర్ షీట్ రాసేది రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్‌కే, అతనెవరో కూడా చెప్పేస్తాను. 18 నుంచి 21 ఏళ్ల వయసులో లీగ్‌లోకి వచ్చే కుర్రాడి తొలి ఒప్పందం మూడేళ్లు. అప్పట్లో మూల జీతం పది లక్షల డాలర్లకు లోపే ఉండేది. అది ముగిశాక కూడా 27 ఏళ్లు నిండేదాకా, లేదా ఏడు సీజన్లు పూర్తయ్యేదాకా పూర్తి స్వేచ్ఛ రాదు. ఆ నడిమి కాలంలో అతని మీద పాత జట్టుకు హక్కు ఉంటుంది. ఆ హక్కు నిలవాలంటే జట్టు గడువులోగా ఒక కనీస ప్రతిపాదన ఇవ్వాలి, దాన్నే క్వాలిఫైయింగ్ ఆఫర్ అంటారు. ఇవ్వకపోతే అతను పూర్తిగా స్వేచ్ఛాజీవి.

ఇక జీతాల పరిమితి. 2004-05 సీజన్ మొత్తం లాకౌట్‌లో కొట్టుకుపోయాక వచ్చిన ఏర్పాటు ఇది. 2005-06లో జట్టుకు 3.9 కోట్ల డాలర్లతో మొదలైంది, 2024-25 నాటికి 8.8 కోట్లు అయింది. బాస్కెట్‌బాల్‌లో లాగా జరిమానా కట్టి దాటిపోయే దారి ఇక్కడ లేదు. ఒప్పందం మొత్తాన్ని ఏళ్లతో భాగిస్తే వచ్చే సగటే ఏటా లెక్కలోకి వస్తుంది. వేసవిలో మాత్రం పది శాతం దాకా దాటి ఉండవచ్చు. సీజన్ మొదలయ్యే రోజుకు లోపలికి రావాలి. ఈ చివరి వాక్యం గుర్తుంచుకోండి. ఆ ఆగస్టులో సంతకం పెట్టడానికి ఎడ్మంటన్‌కు నిబంధన అడ్డు కాలేదు, అడ్డంతా సీజన్ మొదలయ్యే అక్టోబరే.

ఇప్పుడు ఆ ఏడు రోజుల దగ్గరికి వద్దాం. ఆగస్టు 13న బ్లూస్ ఇచ్చిన ఆఫర్లు రెండు. డిఫెన్స్ ఆటగాడు ఫిలిప్ బ్రోబర్గ్‌కు రెండేళ్లు, ఏడాదికి 45,80,917 డాలర్లు. ఫార్వర్డ్ డిలన్ హాలోవేకు రెండేళ్లు, ఏడాదికి 22,90,457 డాలర్లు. ఆ చివరి అంకెలు వింతగా లేవూ? అవి ఊరికే వచ్చినవి కావు. ఆఫర్ ఎంత పెద్దదో దాన్నిబట్టి పరిహారం ఉంటుంది, దానికి లీగ్ ఏటా మెట్లు ప్రకటిస్తుంది. ఆ ఏడాది 22,90,457 దాకా మూడో రౌండ్ ఎంపిక ఒకటి. అక్కడి నుంచి 45,80,917 దాకా రెండో రౌండ్ ఎంపిక ఒకటి. ఇంకొక్క డాలరు ఎక్కువ రాసి ఉంటే బ్రోబర్గ్‌కు బదులుగా మొదటి రౌండ్, మూడో రౌండ్ రెండూ ఇచ్చుకోవలసి వచ్చేది. బ్లూస్ మేనేజర్ డగ్ ఆర్మ్‌స్ట్రాంగ్ రెండు ఆఫర్లనూ సరిగ్గా మెట్టు అంచు మీద నిలబెట్టాడు: అవతలి జట్టుకు వీలైనంత ఎక్కువ నొప్పి, తనకు వీలైనంత తక్కువ ఖర్చు. పరిహారంగా ఇచ్చేది సొంత డ్రాఫ్ట్ ఎంపికే అయి ఉండాలి కనుక, అంతకుముందు పిట్స్‌బర్గ్‌కు ఇచ్చేసిన తన రెండో రౌండ్ ఎంపికను ముందే వెనక్కి తెచ్చుకున్నాడు. ఆ చిన్న లావాదేవీని ఆ రోజు శ్రద్ధగా చూసినవారికి ఏదో రాబోతోందని అర్థమైపోయి ఉండాలి.

రెండింటినీ కలిపితే 68,71,374 డాలర్లు. అంతకుముందు ఈ ఇద్దరూ తొలి ఒప్పందాల మీద తలా పది లక్షల లోపే లెక్కలో ఉండేవారు. ఎడ్మంటన్ ఆ వేసవి లెక్కను ఆ అంచనాతోనే వేసుకుంది. జూలై 1న జెఫ్ స్కిన్నర్‌కు 30 లక్షలు, విక్టర్ ఆర్విడ్‌సన్‌కు 40 లక్షలు, తిరిగి తీసుకున్న ఆడమ్ హెన్రిక్‌కు 30 లక్షలు. ముగ్గురు అనుభవజ్ఞులకు కలిపి కోటి డాలర్లు. పేపర్లన్నీ మెచ్చుకున్నాయి, నేనూ మెచ్చుకున్నాను. జట్టు పరిమితికి పూర్తిగా ఆనుకుంది. యువకుల మీద హక్కు ఎలాగూ మనదే, నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు అనుకున్నారు. పైగా ఆ సమయంలో మేనేజ్‌మెంట్ చేతులు మారుతోంది. పాత జనరల్ మేనేజర్ కెన్ హాలండ్ జూన్ చివర వెళ్లిపోయాడు, కొత్తగా స్టాన్ బోమన్ జూలై చివరి వారంలో వచ్చాడు. ఆ సందులోనే తలుపు తెరుచుకుంది.

గడువు నడుస్తుండగానే, ఆగస్టు 18న, ఎడ్మంటన్ 32.5 లక్షల కోడీ సీసీని శాన్ హోసేకు పంపి, చౌకైన టై ఎంబర్‌సన్‌ను తెచ్చుకుంది. మిగిలింది 23 లక్షలు. హాలోవేకు సరిపోతుంది, బ్రోబర్గ్‌కు చాలదు. జట్టు ఫార్వర్డ్ ఎవాండర్ కేన్ గాయం దీర్ఘకాలికమని తేలితే అతని 51 లక్షల మేరకు వెసులుబాటు దొరికేది, కానీ అతనికి శస్త్రచికిత్స జరిగింది సెప్టెంబరులో. చివరికి ఆ ఏడాది మామూలు సీజన్ మొత్తం అతను ఆడనే లేదు. ఆగస్టు 20న కూర్చుని నిర్ణయించేవాడికి ఆ సంగతి చేతిలో లేదు.

ఇంకో పెద్ద లెక్క వెనక నుంచి తరుముతోంది. జట్టు ప్రధాన తార లియాన్ డ్రైసైటిల్ ఒప్పందం 2025లో ముగుస్తుంది. 85 లక్షల నుంచి ఏకంగా 1.4 కోట్లకు పెరిగే కొత్త ఒప్పందం మీద అతను రెండు వారాల తర్వాత, సెప్టెంబరు 3న, సంతకం పెట్టాడు. అదే వేసవిలో డిఫెన్స్ ఆటగాడు ఇవాన్ బూషార్డ్ 39 లక్షల ఒప్పందమూ ముగుస్తుంది. అది చివరికి 1.05 కోట్లు అయింది. ఆ ఇద్దరి పెరుగుదలే కోటీ 21 లక్షలు. పరిమితి ఆ ఏడాది 8.8 నుంచి 9.55 కోట్లకు పెరిగింది, అంటే పెరిగింది 75 లక్షలు. ఆ 9.55 అన్న అంకె కూడా 2024 ఆగస్టులో ఎవరికీ తెలియదు. ఈ కాగితం ముందు పెట్టుకుని చూస్తే, ఎడ్మంటన్ చేసినది తెలివితక్కువ పని అనలేం. అయినా నా అభిప్రాయం మొదటి నుంచీ ఒకటే: హాలోవేను ఉంచుకోవలసింది. పరిమితిలో 2.6 శాతమే అది. మూడో వరుసలో ఆడినా గిట్టుబాటయ్యే ధర. సెయింట్ లూయిస్‌లో తొలి సీజన్‌లోనే అతను 26 గోల్స్, గోల్స్‌కు చేసిన సాయాలు కూడా కలిపి మొత్తం 63 పాయింట్లు చేశాడు. బ్రోబర్గ్ విషయంలో నాకు అంత పట్టుదల లేదు. 45 లక్షలంటే అప్పటికి అతను ఆడిన ఆటకు బాగా ఎక్కువ.

ఈ కథలో నన్ను ఎప్పటికీ వదలని ముడి ఒకటుంది. ఎడ్మంటన్ కుర్చీలో కూర్చున్న స్టాన్ బోమన్‌కు ఇలాంటి దెబ్బ కొత్త కాదు. 2010లో షికాగో బ్లాక్‌హాక్స్ కప్పు గెలిచింది. అప్పుడు మేనేజర్ ఆయనే. గెలిచిన నెలలోపే పరిమితి కింద నలిగి సగం జట్టును పంపించవలసి వచ్చింది. బఫ్లిన్, లాడ్, వెర్‌స్టీగ్ అందరూ ఆ వేసవిలోనే వెళ్లారు. సరిగ్గా అప్పుడే శాన్ హోసే వచ్చి డిఫెన్స్ ఆటగాడు నిక్లస్ యాల్మర్‌సన్‌కు నాలుగేళ్లు, 1.4 కోట్ల ఆఫర్ షీట్ రాసింది. బోమన్ ఆ ఆఫర్‌కు సరిజోడు చేశాడు. యాల్మర్‌సన్ ఉండిపోయాడు. కానీ కప్పు గెలిపించిన గోల్ కీపర్ అంటీ నీమికి మధ్యవర్తి 27.5 లక్షలు ఇవ్వాలని తీర్పు చెప్పేసరికి షికాగో దగ్గర చోటు లేదు. తీర్పును కాదనుకుని నీమిని వదిలేసింది. వదిలేసిన అతన్ని 20 లక్షలకు తీసుకున్నది ఎవరో ఊహించండి: అదే శాన్ హోసే. ఆఫర్ షీట్ ఓడిపోయినట్టు కనిపించింది, ఫలితం మాత్రం వచ్చింది. ఆఫర్ షీట్‌ను ఆటగాడి కోసం రాసే ఉత్తరంగా చూస్తే సగమే అర్థమవుతుంది. అది అవతలివాడి ఖాతాపుస్తకం మీద చేసే దాడి కూడా.

2012లో ఫిలడెల్ఫియా, నాష్‌విల్‌కు చెందిన షే వెబర్‌కు 14 ఏళ్లు, 11 కోట్లు రాసి తొలి ఏళ్లలోనే బోనస్‌లు గుమ్మరించింది, చిన్న నగరమైన నాష్‌విల్ అంత నగదు ఇవ్వలేకపోతుందన్న ఆశతో. నాష్‌విల్ ఇచ్చింది. 2019లో మాంట్రియల్, కరొలినాకు చెందిన సెబాస్టియన్ ఆహోకు ఐదేళ్లకు 4.227 కోట్లు రాసి, మొదటి ఏడాదిలోనే రెండు కోట్లకు పైగా చేతిలో పెట్టాలంది. కరొలినా అదీ ఇచ్చింది, రెండేళ్ల తర్వాత బదులు తీర్చుకుంది. మాంట్రియల్ కుర్రాడు యెస్పరి కోట్‌కానియెమికి 61,00,015 డాలర్ల ఏడాది ఒప్పందం, అందులో 20 డాలర్ల సంతకం బోనస్. ఆహో జెర్సీ నంబరు 20, కోట్‌కానియెమిది 15. ఈసారి మాంట్రియల్ వదులుకుంది. ఈ కథలు పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. నగదుతో బెదిరిస్తే యజమాని జేబు చూసుకుని ఎలాగోలా కడతాడు. పరిమితిలో చోటుతో బెదిరిస్తే ఎంత ధనవంతుడైనా చేయగలిగింది లేదు.

ఆఫర్ షీట్ ఎవరూ రాయకపోయినా ఈ ఆటగాళ్లతో జట్లు ఇబ్బంది పడే దారులు ఇంకా ఉన్నాయి. అందరూ తక్కువగా మాట్లాడేది, నాకు అన్నింటికన్నా ముఖ్యమనిపించేది క్వాలిఫైయింగ్ ఆఫర్ ఉచ్చు. ఇప్పుడు చోటు లేదు కనుక రెండు మూడేళ్ల చిన్న ఒప్పందంతో గడుపుదాం అనుకుంటారు. దీన్ని వంతెన ఒప్పందం అంటారు. ఏజెంటు ఒప్పుకుంటాడు, కానీ జీతాన్ని చివరి ఏడాదికి నెడతాడు. ఎందుకంటే 2020 జూలైకి ముందు కుదిరిన ఒప్పందాల్లో పది లక్షలు దాటిన ఆటగాడికి క్వాలిఫైయింగ్ ఆఫర్ సగటును బట్టి కాదు, చివరి ఏడాది జీతాన్ని బట్టి. శాన్ హోసే టిమో మాయర్‌తో 2019లో నాలుగేళ్లకు ఏటా సగటున 60 లక్షలకు కుదుర్చుకుంది. చివరి ఏడాది జీతం కోటి. అంటే 2023లో హక్కు నిలుపుకోవాలంటే కోటి డాలర్ల ఆఫర్ ఇవ్వాలి. అతను దాని మీద సంతకం పెట్టి ఏడాది ఆడితే, ఆపై పూర్తి స్వేచ్ఛ. జట్టు చేతిలో బేరమాడే బలం ఏదీ మిగల్లేదు. 2023 ఫిబ్రవరిలోనే న్యూజెర్సీకి పంపేశారు. కాల్గరీ మాథ్యూ కచుక్‌కూ అదే కథ. మూడేళ్లు, సగటు 70 లక్షలు, చివరి ఏడాది 90 లక్షలు. 2022లో అతను దీర్ఘకాలం ఉండనని చెప్పాడు, ఫ్లోరిడాకు వెళ్లాడు, 2024లోనూ 2025లోనూ కప్పు ఎత్తాడు. 2020లో నిబంధన మారి, ఒప్పందం సగటుకు 120 శాతం దాటి ఇవ్వనక్కర లేదన్నారు. వాంకూవర్‌లో ఎలియాస్ పెటర్సన్ చివరి ఏడాది జీతం 1.025 కోట్లు అయినా, సగటు 73.5 లక్షలు కనుక ఆఫర్ 88.2 లక్షల దగ్గర ఆగింది. ఉచ్చు వదులైంది, పోలేదు.

మరో దారి వేచి ఉండటం. టొరంటో జట్టును అనుసరించే మా అందరికీ 2018 డిసెంబరు 1 మరువలేని రోజు. ఆ రోజు సాయంత్రం ఐదు గంటల్లోపు సంతకం చేయని రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్ ఆ సీజన్‌లో ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడకూడదు. విలియం నీలాండర్ అప్పటికీ సంతకం చేయలేదు. నేను మిసిసాగాలో ఒక మిత్రుడి కొడుకు పుట్టినరోజు వేడుకలో ఉన్నాను. ఐదు కావడానికి కొద్ది నిమిషాల ముందు కబురు వచ్చింది. ఆరేళ్ల ఒప్పందం. వంటగదిలోనే కాగితం ప్లేటు వెనక పెన్నుతో లెక్క వేయడం మొదలుపెట్టాను, ఎందుకంటే అంకెలు విచిత్రంగా ఉన్నాయి: తొలి ఏడాది లెక్క కోటీ 2 లక్షలకు పైగా, మిగతా ఐదేళ్లు ఏటా దాదాపు 69.6 లక్షలు. పరిమితిని రోజుల చొప్పున లెక్కిస్తారు. సీజన్ మధ్యలో సంతకమైతే మిగిలిన కొద్ది రోజుల మీదే భారం పడి తొలి ఏడాది అంకె ఉబ్బుతుంది, తర్వాతి ఏళ్లది తగ్గుతుంది. ఆ ఏడాది జట్టు యువ తారలు మాథ్యూస్, మార్నర్ ఇంకా తొలి ఒప్పందాల్లో ఉన్నారు, జట్టు దగ్గర చోటు ఉంది. ఖాళీ ఉన్న ఏడాదిలో బరువు దించుకుని, ఇరుకు రాబోయే ఏళ్లను తేలిక చేసుకున్నారు. ఎంతో తెలివైన లెక్క. కానీ రెండు నెలలు ఆట లేకుండా వచ్చిన నీలాండర్ ఆ సీజన్‌లో 54 మ్యాచ్‌లలో ఏడు గోల్సే చేయగలిగాడు. కాగితం మీద దాచుకున్నది మంచు మీద పోయింది.

మరుసటి ఏడాదికి మాథ్యూస్ 1.1634 కోట్లు, మార్నర్ 1.0893 కోట్లు, బయటి నుంచి వచ్చిన టవారెస్ 1.1 కోట్లు. నీలాండర్‌తో కలిపి నలుగురికే 4 కోట్లు దాటింది, పరిమితి 8.15 కోట్లు. పరిమితి ఏటా పెరుగుతుందన్న నమ్మకంతో కుదిరిన ఒప్పందాలివి. కరోనా వచ్చింది, పరిమితి మూడు సీజన్లపాటు 8.15 దగ్గరే గడ్డకట్టింది. టొరంటో కష్టాలకు ఆ నలుగురినే తిట్టేవారితో నేను ఎన్నోసార్లు వాదించాను. టవారెస్ పూర్తి స్వేచ్ఛతో వచ్చినవాడు, అతని సంతకం 2018 వేసవిలో ముందే పడింది. ఆ 1.1 కోట్లు చూసిన తర్వాత సొంత కుర్రాళ్లు అంతకన్నా తక్కువకు ఎందుకు ఒప్పుకుంటారు? ఎడ్మంటన్‌లో జరిగిందీ ఇదే: ముందు బయటివారు, తర్వాత ఇంటివారు.

ఇక మీరు అడిగిన రెండో మాట: పరిమితి ఇప్పుడు వేగంగా పెరుగుతోంది కదా, ఈ సమస్య తగ్గుతుందా అని. 2026-27కు 10.4 కోట్లు, 2027-28కు 11.35 కోట్లని లీగ్ ముందే చెప్పింది. ముందుగా తెలియడం జట్లకు పెద్ద ఊరట, ఆ మేరకు ఎడ్మంటన్‌లా చీకట్లో లెక్క వేయనక్కర లేదు. కానీ చోటు అందరికీ పెరుగుతుంది. దాడి చేసే జట్టుకూ పెరుగుతుంది. పరిహారం మెట్లు కూడా సగటు జీతంతో పాటు పైకి జరుగుతాయి కనుక, రెండో రౌండ్ ఎంపికతో రాయగలిగే ఆఫర్ ఏటా పెద్దదవుతుంది. అందువల్ల జూలై మొదటి వారంలో ఏ జట్టయినా అనుభవజ్ఞులతో చోటంతా నింపేసి, ఇంట్లో ఇద్దరు మంచి కుర్రాళ్లను సంతకం లేకుండా వదిలేస్తే, నేను ఆ జట్టునే చూస్తూ ఉంటాను. దాంతోపాటు, ఏ జట్టు తన పాత రెండో రౌండ్ ఎంపికను చప్పుడు లేకుండా వెనక్కి కొనుక్కుంటోందో కూడా.

బ్లూస్ కూడా ఇందులో నుంచి తప్పించుకోలేదు. ఆ రెండు ఒప్పందాలూ రెండేళ్లవే, 2025-26 సీజన్‌తో ముగిసేలా రాసినవి. ఇద్దరూ 2001లో పుట్టినవారు, 2026 వేసవికి 27 నిండవు. కాబట్టి కొత్త ఒప్పందం ముందే కుదరకపోతే ఆ గడువు తీరేసరికి ఇద్దరిదీ మళ్లీ పాత హోదాయే, చోటు చూసుకోవలసింది మాత్రం సెయింట్ లూయిస్.